అందరూ ఒకవైపు, ఆయనొక్కడే మనవైపు

తిరుమల కొండమీద నిత్యాన్నదానంలో భోంచేయనివాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? దర్శనం అయ్యేసరికి కాళ్ళు లాగేస్తుంటాయి, కడుపు నకనకలాడుతుంటుంది. అందర్నీ వరుసగా కూర్చోబెట్టి, విస్తళ్ళు వేసి, చక్కెర పొంగలితో మొదలుపెట్టి మజ్జిగ దాకా వడ్డిస్తారు. ఇంట్లో రోజూ వడ్డించే చేతులకి, ఒక్కపూట ఎవరో వడ్డిస్తుంటే తినడం ఎంత హాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. తిని బయటికొచ్చేటప్పుడు ఆ భవనం పేరు చదివారా ఎప్పుడైనా? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. 2011లో ప్రారంభించిన భవనం అది.

మేం 2012 వేసవి సెలవుల్లో వెళ్ళాం. ఆ పేరు చదివి, ఎవరో బాగా డబ్బున్నావిడ విరాళమిచ్చి కట్టించి ఉంటుందనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను కూడా. పక్కనే చెప్పులు వెతుక్కుంటున్న మావారి మేనత్త నవ్వింది.

"డబ్బున్నావిడ కాదే పిచ్చిదానా, మొగుడు పోయినావిడ" అంది.

ఆ మాట అప్పుడు నా చెవిన పడిందేగానీ మనసులోకి వెళ్ళలేదు. ఆరేళ్ళ తర్వాత, నాచారంలో మా చెల్లెలి ఇంట్లో, నా అన్నవాళ్ళందరూ ఒకవైపు, నేనొక్కదాన్నీ ఒకవైపు అయినప్పుడు వెళ్ళింది.

ఎవరీ వెంగమాంబ?

మదనపల్లె వైపు, గుర్రంకొండ దగ్గర తరిగొండ అని ఒక ఊరుంది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. 1730 ప్రాంతంలో ఆ ఊళ్ళో కృష్ణయ్య, మంగమాంబ అనే దంపతులకి పుట్టింది వెంగమాంబ. ఆ రోజుల్లో ఆడపిల్లకి బొమ్మలాటల వయసులోనే పెళ్ళి. ఈమెకీ అలాగే చేశారు. కాపురం అంటే ఏమిటో తెలియకముందే ఆ పిల్లవాడు పోయాడు.

ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో భర్త పోయిన పిల్ల బతుకు ఎలా ఉండేదో మన నానమ్మలు చెప్పగా విన్నాం. జుట్టు తీయించి, ముసుగేసి, బొట్టూ పువ్వూ లేకుండా ఒక మూల గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేయాలి, శుభకార్యాలకి మాత్రం ఎదురు రాకూడదు. వెంగమాంబ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకి చావు లేదు, నేనెందుకు బొట్టు తీస్తాను అంది. ఇది పిచ్చి అన్నారు కొందరు, పొగరు అన్నారు కొందరు. పిల్లకి బుద్ధి చెప్పండని తండ్రి మీద పడ్డారు. ఆమె మాత్రం నరసింహస్వామి గుళ్ళో కూర్చుని పద్యాలు కట్టుకుంటూ ఉండిపోయింది. తరిగొండ నృసింహ శతకం ఆమె మొదటి రోజుల రచన. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులనే గురువు దగ్గర యోగం నేర్చుకుంది.

ఈ గొడవ పుష్పగిరి పీఠం స్వాములవారి దాకా వెళ్ళిందని చెబుతారు. ఆయన ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు పెద్దమనుషులు ఆమెను పిలిపించి నిలబెట్టారట. ఒకసారి ఊహించుకోండి. పీఠం మీద జగద్గురువు. చుట్టూ ఊరి పెద్దలు, శాస్త్రం చదివినవాళ్ళు, సొంత బంధువులు. మధ్యలో ఒక్క ఆడపిల్ల. స్వాములవారికి నమస్కారం చెయ్యమన్నారట. ఆయన ఆ ఆసనం దిగితే నేను భగవంతుడికి నమస్కారం చేస్తానందట. ఆయన దిగితే, ఆమె మొక్కిన మొక్కుకి ఆ ఆసనం భగ్గుమని మండిపోయిందని కథ.

మంట సంగతి నాకు తెలియదు. పెద్దవాళ్ళు చెప్పుకున్న కథ, అలాగే చెబుతున్నాను. నన్నడిగితే ఆ కథలో అద్భుతం మంట కాదు. అంతమందిలో ఆ పిల్ల నోరు పెగిలింది చూడండి, అదీ అద్భుతం. మనం ఆడపడుచు ఎదురుగా సాంబారులో ఉప్పు తక్కువైందన్న మాటకే జవాబు చెప్పలేక వంటింట్లోకి పోతాం!

తర్వాత ఆమె తిరుమల చేరింది. అక్కడైనా సుఖపడిందా అంటే అదీ లేదు. పొరుగింటివాళ్ళు ఎంగిలి విస్తళ్ళు గోడమీదుగా ఆమె పెరట్లోకి విసిరేవాళ్ళని, విసిగి తుంబురుకోనకి పోయి కొన్నేళ్ళు ఒంటరిగా తపస్సు చేసుకుందని చెప్పుకుంటారు. ఎంగిలి విస్తళ్ళ మాట వినగానే నాకు ఆవిడ దేవత కాదు, మన వీధిలో మనిషిలా అనిపించింది. కక్ష తీర్చుకోవడానికి ఇప్పటికీ పక్కింటి చెత్తకుండీయే కదా సాధనం.

తిరిగొచ్చి రాసుకుంటూ, వచ్చిపోయే యాత్రికులకి అన్నం పెడుతూ 1817 దాకా బతికింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, యక్షగానాలు, ఇంకా చాలా రాసింది. తనకి కూర్చోబెట్టి చదువు చెప్పినవాళ్ళు లేరని, స్వామి పలికిస్తే పలికానని తన కావ్యంలోనే చెప్పుకుంది. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ముత్యాల హారతి ఆవిడ పేరు మీదే ఇస్తారు. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అని తిరుమలలో నానుడి. లాలి అన్నమయ్యది, హారతి వెంగమాంబది. మంగళహారతి అద్దుకునే హక్కు లేదని ఊరు ఏ మనిషిని నిలబెట్టిందో, ఆ మనిషి హారతి అందుకోనిదే స్వామికి నిద్ర లేదన్నమాట.

పదో రోజు

2018 చలికాలంలో మా చెల్లెలి భర్త పోయాడు. 39 ఏళ్ళు. పొద్దున్నే పాలప్యాకెట్ తేవడానికి కిందికి వెళ్ళినవాడు మెట్లమీద కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. మా చెల్లెలికి అప్పుడు 34. పాపకి తొమ్మిదేళ్ళు. మా ఇల్లు హబ్సిగూడ, వాళ్ళది నాచారం, ఆటోలో పావుగంట కూడా పట్టదు. ఆ పది రోజులూ పొద్దున ఇంట్లో వంట చేసి, మధ్యాహ్నం నుంచి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని.

ఏడో రోజు నుంచి ఆడవాళ్ళ మాటల్లో 'పదో రోజు' రావడం మొదలైంది. ఈ తంతు చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళు అదృష్టవంతులు. తెల్లవారకముందే ఆ అమ్మాయిని లేపుతారు. పెళ్ళికూతురికి చేసినట్టు ఒళ్ళంతా పసుపు రాసి, ఇంత పెద్ద బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులు వేస్తారు. అన్నీ పెట్టి, అన్నీ తీస్తారు. గాజులు రాయితో కొట్టి పగలగొడతారు. బొట్టు తుడిచేస్తారు. పూలు లాగేస్తారు. మెట్టెలు ఊడబెరుకుతారు. చేసేవాళ్ళు ఎవరనుకున్నారు? భర్త పోయిన పెద్ద ముత్తవ్వలే. తమకి జరిగిందే ఇంకొకరికి జరిపిస్తారు. తర్వాత మర్నాటి దాకా ఆ మనిషి మొహం ఎవరూ చూడకూడదని ఒక గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేస్తారు.

ఊళ్ళల్లో అయితే చెరువు గట్టుకి తీసుకుపోతారు. ఇక్కడ నాచారంలో చెరువులో దిగే పరిస్థితి ఎక్కడిది? మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన చేద్దామని తీర్మానించారు. ఆ మాట అంటుంటే వింటూ కూర్చున్నాను. వాచ్‌మన్‌కి చెప్పి లిఫ్టు ఆపించాలట, ఎవరూ ఎదురు రాకుండా. పెళ్ళికి పందిరి ఎక్కడ వేద్దామన్నట్టే మాట్లాడుకున్నారు.

ఎనిమిదో రోజు రాత్రి మా చెల్లెలి పక్కన పడుకుని మెల్లిగా అడిగాను, "నీకిష్టమేనా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత అంది, "పాప చూస్తుందక్కా" అని. అంతే. అవుననలేదు, కాదనలేదు.

పొద్దున్నే మా అమ్మకి చెప్పాను, ఇది వద్దని. మా అమ్మ కూడా అప్పటికి పన్నెండేళ్ళుగా ఆ గతిలోనే ఉంది. నా పక్షాన నిలబడుతుందనుకున్నాను. ఆవిడే అందరికంటే గట్టిగా వద్దంది. "నాకు చెయ్యలేదా? మీ నాయనమ్మకి చెయ్యలేదా? చెయ్యకపోతే పోయినవాడికి గతులుండవు. దాని అత్తవారి ముందు మనకి తల ఎత్తుకునే మొహం ఉండదు" అంది. చెల్లెలి అత్తగారు కొడుకు పోయిన దుఃఖంలో ఉంది, ఆవిణ్ణి ఏమనగలను? మా పెద్దమ్మ అయితే, "నీ మొగుడు చల్లగా ఉన్నాడు కాబట్టి ఇలాంటి మాటలు వస్తున్నాయి" అంది. ఆ మాట ఈటెలాగా దిగింది. మావారు నన్ను పక్కకి పిలిచి, "వాళ్ళింటి వ్యవహారం, మనకెందుకు? రేపు దాన్ని చూడాల్సింది వాళ్ళే" అన్నారు. చెడ్డ మనిషి కాదు ఆయన. గొడవలంటే భయం.

అలా తొమ్మిదో రోజు సాయంత్రానికి నేనొక్కదాన్నే మిగిలాను.

తొమ్మిదో రాత్రి

ఆ రాత్రి హబ్సిగూడ వచ్చేశాను. పిల్లలకి అన్నాలు పెట్టి, గిన్నెలు కడిగి, దేవుడి అలమర ముందు కూర్చున్నాను. నేను మహాభక్తురాలిని అనుకునేరు. నా శనివారం ఉపవాసం రెండు పెసరట్లు తినే ఉపవాసం. సహస్రనామం చదువుతూ మధ్యలో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే భక్తి నాది. కానీ ఆ రాత్రి మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరు.

మొదట ఏడ్చాను. తర్వాత నన్ను నేనే అనుమానించుకున్నాను. ఇంతమంది పెద్దవాళ్ళు తప్పు, నేనొక్కదాన్నే రైటా? ఇది ధర్మమా, నా మొండితనమా? ఒంటరిగా నిలబడ్డవాళ్ళందరూ మంచివాళ్ళు కారు కదా. వందమంది వారిస్తున్నా వినని రావణాసురుడూ తన మాట మీద నిలబడ్డవాడే. నా మాట నెగ్గాలని నాకుందా, చెల్లెలికి ఆ బాధ తప్పాలని ఉందా అని నన్ను నేను అడుక్కున్నాను. రెండూ ఉన్నాయి. అబద్ధం ఎందుకు? కానీ 'పాప చూస్తుందక్కా' అన్న మాట గుర్తొచ్చాక రెండోదే పెద్దదనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మేనత్తగారి మాట, డబ్బున్నావిడ కాదు, మొగుడు పోయినావిడ అని. తిరుమలలో కొన్న వెంగమాంబ చరిత్ర, చిన్న పుస్తకం, అలమరలో పంచాంగాల కింద ఉండాలి. తీసి చదివాను. అంతకుముందు కూడా చదివాను, అయితే పుణ్యం కోసం చదివాను. ఆ రాత్రి పని కోసం చదివాను.

మనకి చిన్నప్పటి నుంచి ఏం చెబుతారు? కష్టమొస్తే దేవుడిమీద భారం వెయ్యి, ఊరుకో, ఆయనే చూసుకుంటాడు అని. మన ఇళ్ళల్లో దేవుణ్ణి నమ్ముకోవడమంటే నోరుమూసుకోవడమనే అర్థం. వెంగమాంబ భారం వేసింది, కానీ ఊరుకోలేదు. ఆవిడ దేవుణ్ణి ఎదుటివాళ్ళని శిక్షించమని పిలవలేదు. నేనెవరికి జవాబు చెప్పాలో ఆయన ఒక్కడే, మీరెవరూ కారు, అని తేల్చుకుంది. ఒక్కడికే భయపడేవాళ్ళకి మిగతావాళ్ళ భయం తగ్గుతుంది కాబోలు. అశోకవనంలో సీతమ్మ కూడా అంతే కదా. రాముడు రావడానికి ఇంకా ఎన్ని రోజులో తెలియదు. చుట్టూ రాక్షస స్త్రీలు. రావణుడు ఎదురుగా వస్తే ఒక గడ్డిపరక అడ్డం పెట్టి మాట్లాడింది. ఆ గడ్డిపరకకి బలం ఎక్కడిది?

నేను మొక్కుకున్న మొక్కు చెబితే నవ్వుతారు. "స్వామీ, పెద్దవాళ్ళ మనసులు మార్చమని అడగను, అది నీకూ అంత తేలిక కాదు. రేపు పొద్దున నా గొంతు వణకకుండా చూడు, చాలు" అని మొక్కాను.

తెల్లవారుజామున మూడున్నరకి లేచి తలస్నానం చేశాను. మావారిని లేపాను. ఏమీ మాట్లాడకుండా స్కూటర్ తీశారు. ఎన్జీఆర్ఐ గోడ పక్కన మంచు. వీధి కుక్కలు తప్ప ఎవరూ లేరు.

మేం వెళ్ళేసరికి పసుపు రాయడం అయిపోయింది. గాజుల డబ్బాలు రెండు, ఎర్రవీ ఆకుపచ్చవీ, తెరిచి పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళి మా చెల్లెలి పక్కన కూర్చుని దాని రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. "గాజులు వెయ్యొద్దు, పగలగొట్టొద్దు. బొట్టు తుడవద్దు. దానికి తియ్యాలనిపించినరోజు అదే తీసుకుంటుంది" అన్నాను. ముందు గొంతు వణికింది. ఆ మొక్కు పూర్తిగా తీర్చలేదు స్వామి. రెండో మాటకి సర్దుకుంది.

ఎన్ని మాటలన్నారో ఇక్కడ రాయను. మా పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగింది. నేను వదల్లేదు. అప్పుడెవరో వెళ్ళి పంతులుగారిని పిలుచుకొచ్చారు, శాస్త్రం చెప్పిస్తే నోరు మూసుకుంటుందని. ఆయన పెద్దాయన. కింద పిండాలకి ఏర్పాట్లు చేసుకుంటున్నవాడు మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చారు. విషయం విని, "అమ్మా, నేను చేయించేది పోయినాయన కర్మ. ఈ గాజులూ అవీ నా మంత్రాల్లో లేవు. అవి మీ ఆడవాళ్ళు పెట్టుకున్న ఆచారాలు, మీరూ మీరూ తేల్చుకోండి. నాకు పొద్దెక్కుతోంది" అని దిగిపోయారు.

నా పక్షాన మాట్లాడలేదు, వాళ్ళ పక్షానా మాట్లాడలేదు. కానీ ఆ మాటతో గదిలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. శాస్త్రం అంటూ ఇన్నేళ్ళూ చేసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా చెల్లెలి అత్తగారు గోడకి ఆనుకుని కూర్చున్నావిడ, "వదిలెయ్యండమ్మా, వాడు ఎలాగూ రాడు" అంది. ఎవరినుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదో, ఆవిడ నుంచే వచ్చింది. గాజుల డబ్బాలు అలాగే ఉండిపోయాయి.

బిందె మోసిన రాజ్యలక్ష్మమ్మ

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. పెద్దమ్మ కుటుంబం భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఏడాదిన్నరలో జరిగిన రెండు పెళ్ళిళ్ళకి మాకు శుభలేఖ రాలేదు. మా అమ్మ ఉగాది దాకా నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే పిల్లలతో మాట్లాడి పెట్టేసేది. అన్నిటికంటే బాధ పెట్టింది మా చెల్లెలే. నెల తర్వాత ఒకరోజు, "నువ్వు నిలబడి వెళ్ళిపోయావక్కా. ఆ ఇంట్లో ఉంటున్నది నేను. మంచినీళ్ళ పంపు దగ్గర నా బొట్టుకేసి చూసేది నన్ను" అంది. నిజమే. ఒకరి కోసం మనం నిలబడితే, దాని ఖరీదు సగం వాళ్ళే కడతారు. ఈ సంగతి నాకు ఏ పురాణంలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి తెలుగు వాచకంలో కందుకూరి వీరేశలింగం పాఠం చెప్పించాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారని మనందరం బళ్ళో చదువుకున్నాం. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్ళకి గానీ తెలుగునాట ఒక్క పెళ్ళి జరగలేదంటే, కాగితానికీ గడపకీ ఎంత దూరమో చూడండి. పంతులుగారికి విగ్రహాలు పెట్టారు. మనం తెలుసుకోవాల్సింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ సంగతి. పెళ్ళి అనగానే ఊరు వెలివేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆ మహాతల్లి గోదావరి నుంచి తానే బిందెలతో నీళ్ళు మోసి, పెళ్ళికొచ్చినవాళ్ళకి తానే వండి పెట్టింది. తర్వాత భర్త పోయిన ఆడపిల్లలకి తన ఇంట్లోనే చోటిచ్చి తల్లిలా చూసుకుంది. వీరేశలింగంగారు ప్రార్థనా సమాజం పెట్టి, విగ్రహం లేని దేవుణ్ణి ప్రార్థించిన మనిషి. వెంగమాంబ దేవుడు వేరు, ఆయన దేవుడు వేరు అనేవాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం వంటమనిషి రాని రోజున పొయ్యి ముందు కూర్చున్న ఆవిడ పక్కన ఎవరున్నారో, అలమర ముందు నా పక్కన ఉన్నదీ వారేననిపించింది.

పాఠం అయ్యాక మా చెల్లెలికి వారం వారం ఒక గిన్నె కూరో, పచ్చడో తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. కబుర్లేమీ చెప్పేదాన్ని కాదు. పక్కన కూర్చునేదాన్ని. నిలబడితే సరిపోదు, తర్వాత కూర్చోవాలి కూడా అని అప్పుడు తెలిసింది. రాజ్యలక్ష్మమ్మ మోసిన బిందె అదే కాబోలు.

అయితే వెంగమాంబ కథలో నన్ను ఇప్పటికీ గుచ్చే ముల్లు ఒకటుంది. అది మా పెద్దమ్మే ఒకసారి అంది, నాతో మళ్ళీ మాటలు కలిశాక. "ఆవిడంటే స్వామినే పెళ్ళాడిన భక్తురాలు. మనలాంటి మామూలు ఆడదానికి ఆ మాట చెల్లుతుందా?" అని. జవాబు తోచలేదు వెంటనే. నిజంగానే ఆ ఊరివాళ్ళు వెంగమాంబని చివరికి ఒప్పుకున్నది దేవుడి భార్య అని. ఆ వీధిలోనే భర్త పోయిన మిగతా ఆడపిల్లల జుట్టు మాటేమిటి? వాళ్ళ తలలు మామూలుగానే గొరిగి ఉంటారు. భక్తి ఉంటేనే బొట్టు, లేకపోతే లేదు అనడం న్యాయం కాదు. మా చెల్లెలు భక్తురాలేమీ కాదు. సీరియల్ చూస్తుంది, పకోడీలు బాగా చేస్తుంది. దానికి బొట్టు పెట్టుకోవాలని ఉంది. అది చాలదా?

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే గ్రామ పంచాయతీ 2022 మే నెలలో ఒక తీర్మానం చేసింది. భర్త పోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, మంగళసూత్రం, మెట్టెలు తీయించడం తమ ఊళ్ళో ఇక ఉండవని. అదే నెలలో అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఈ దారి పట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. పేపర్లో చదివి మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. "ఊరంతా కలిసి చెప్పారా? అయితే వాళ్ళకి దేవుడితో అంత పనిపడలేదన్నమాట" అంది. నవ్వింది. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు.

ఇప్పుడు మా చెల్లెలు నాచారంలోనే ఒక చిన్న బడిలో పిల్లల్ని చూసుకునే ఉద్యోగం చేస్తోంది. మంగళసూత్రం దానంతట అదే తీసి, పాపకని బీరువాలో దాచింది. నల్లటి చిన్న స్టిక్కర్ పెట్టుకుంటుంది. పండగలకి ఎర్రది. అత్తగారు, అదీ ఒకే ఇంట్లో ఉంటారు. పోట్లాడుకుంటారు కూడా, మామూలు అత్తాకోడళ్ళలాగే.

ప్రతి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి దాన్ని పిలుస్తాను. మొదటి ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తాంబూలం తీసుకోకుండా వెళ్ళిపోయారు. రెండో ఏడాది ఒకావిడ వెళ్ళింది, ఒకావిడ ఉంది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు, లేక నాకు వినపడేటట్టు అనరు. చెల్లెలికి కాళ్ళకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది. భయంతోనో, అలవాటుతోనో తెలియదు. పాపకి ఇప్పుడు ఇంటర్. వాళ్ళమ్మకి శనగలు పోసేది అదే.

మా అమ్మ కూడా వస్తుంది. పూజ జరిగే గదిలోకి మాత్రం రాదు. ఎన్నిసార్లు పిలిచినా, "మీరు కానివ్వండమ్మా" అంటుంది. పోయిన శ్రావణంలో హారతి పళ్ళెం వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళాను. చేతులు తడిగా ఉన్నాయంది. పొయ్యి మీద పూర్ణాలు మాడతాయంది. పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. కర్పూరం కొండెక్కేలోగా కొంగుకి చేతులు తుడుచుకుని, ఒక్క చేత్తో అద్దుకుని, మళ్ళీ బాణలివైపు తిరిగింది.